లిఫ్టు మాస్టారి ఆదివారం క్లాసు

మా మామయ్య గురించి రాయమని మా దళంలో నన్నెవరూ అడగలేదు. అడిగే మొహాలు కూడా కావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనికి నాకున్న అర్హత ఇంకెవరికీ లేదు. ఆయన దగ్గర విద్య నేర్చుకున్నవాణ్ణి నేనే, ఆయన నోరు నొక్కినవాణ్ణీ నేనే.

మామయ్య అంటే మా అమ్మకు తమ్ముడు. లిఫ్టు మెకానిక్కు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అపార్టుమెంట్లు, ఆసుపత్రులు, ఆఫీసులు తిరుగుతూ ఆగిపోయిన లిఫ్టుల్ని కదిలిస్తున్నాడు. లిఫ్టు నడిచినన్నాళ్ళూ ఆయన ఉన్నాడన్న సంగతే ఎవరికీ పట్టదు. ఆగిన రోజున మాత్రం భవనం మొత్తం ఆయన నెత్తిన నిలబడి, "ఇంకా ఎంతసేపయ్యా?" అంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన చెవిన పడే మాట ఆ ఒక్కటే. అలాంటి మనిషికి ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి పదిహేను మంది "నమస్కారం మాస్టారూ" అనేవాళ్ళు. ఆయనకు దక్కిన గౌరవమల్లా అదే. అది కూడా ఉండనిచ్చాం కాదు.

ఆ పదిహేను మంది ఎవరో చెప్పాలి. కంప్యూటర్లో విమానం నడపడం అని ఒకటుంది. ఆట అంటే మామయ్యకు ఒళ్ళు మండేది కాబట్టి ఆట అనను. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఇంటర్నెట్టు మీద ఒకే ఆకాశంలో కలిసి ఎగురుతారు. అలా ఎగిరే గుంపును దళం అంటారు. అలాంటి దళాల్లో మాదొకటి. రెండు వందల మందిమి. బ్యాంకు క్యాషియరు, పళ్ళ డాక్టరు, రంగులేసేవాడు, కాలేజీ పిల్లలు, పనీపాటా లేని నాబోటివాళ్ళు. నిజం విమానం ఎక్కినవాళ్ళు మాలో పట్టుమని ముప్ఫై మంది ఉండరు. మామయ్య ఒక్కసారి కూడా ఎక్కలేదు. పదహారో అంతస్తు పైన మోటారు గది, అదే ఆయన చూసిన ఎత్తు.

ఆయన ఇల్లు ఒక గది, ఒక వంటిల్లు. గదిలో ఒక పక్క మా అమ్మమ్మ మంచం, ఇంకో పక్క పాత కుట్టుమిషను బల్ల. మిషను ఎప్పుడో పోయింది, బల్ల మీద కంప్యూటరు ఉంది. ఇంజను జోరు పెంచడానికి, తగ్గించడానికి వాడే పిడి కొన్నది కాదు. తుక్కు కింద తీసేసిన ఒక పాత సరుకుల లిఫ్టు నుంచి ఊడదీసి తనే అమర్చుకున్నాడు. అమ్మమ్మ లేవలేదు. ఏదన్నా కావాలంటే చెంచాతో స్టీలు గ్లాసు మీద కొడుతుంది. మిగతా రోజుల్లో పక్కింటావిడ చూసుకుంటుంది, ఆదివారం మాత్రం మామయ్యే. ఈ గ్లాసు సంగతి గుర్తుపెట్టుకోండి. కొంప ముంచింది అదే.

మామయ్య దళంలో చేరినప్పుడు కొత్తవాళ్ళకు నేర్పే దిక్కే లేదు. వచ్చినవాడు వచ్చినట్టే రన్‌వే మీద పల్టీ కొట్టి, తిట్టుకుంటూ పోయేవాడు. ఎవరూ అడక్కుండానే మామయ్య ఒక రూళ్ళ పుస్తకంలో ఎనిమిది వారాల పాఠాలు రాసి, ఆదివారం క్లాసు పెట్టాడు. నేర్పడానికి పదకొండు మందిని పోగుచేశాడు. జీతం లేదు, బత్తెం లేదు, కనీసం ఒక దండం లేదు. అలాంటి పనికి మనుషుల్ని రప్పించడం ఎంత కష్టమో మీకు తెలియకపోతే ఎప్పుడన్నా ప్రయత్నించి చూడండి. ఒకడికి పెళ్ళాం ఊరెళ్ళింది, ఒకడికి పెళ్ళాం ఊరి నుంచి వచ్చింది, ఇద్దరూ రారు. మామయ్య ప్రతి గురువారం మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఏ భవనంలో ఉంటే ఆ భవనం మెట్ల మీద కూర్చుని పదకొండు మందికీ వరసగా ఫోన్ చేసేవాడు. "ఆదివారం వస్తున్నావుగా? మీ పాప జ్వరం తగ్గిందా? సరే అయితే, నువ్వు రెండో వారం వాళ్ళను చూడు." ఇంతే. మెసేజి పెట్టొచ్చుగా అని ఒకసారి అన్నాను. "మెసేజి పెడితే చూసినట్టు టిక్కు వస్తుందిరా, మనిషి రాడు," అన్నాడు.

ఆయన క్లాసుకు ఒక పద్ధతి ఉండేది. అది విమానాలది కాదు, లిఫ్టులది. నేర్చుకునేవాడూ నేర్పేవాడూ ఒకే రెండు సీట్ల విమానంలో కూర్చుంటారు, ఎవరింట్లో వాళ్ళుంటూనే. ఇద్దరి చేతుల్లోనూ విమానం నడిపే కర్ర ఉంటుంది, ఇద్దరిదీ పనిచేస్తుంది. అందుకని విమానం ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారాలంటే ఇచ్చేవాడు "ఇచ్చాను" అనాలి, పుచ్చుకునేవాడు "తీసుకున్నాను" అనాలి. ప్రమాదం ముంచుకొస్తే నేర్పేవాడు తనంతట తనే అందుకోవచ్చు, కానీ ఆ మాట అనాల్సిందే. అనకుండా ముట్టుకుంటే, ఎంత బాగా నడిపినా సరే, సున్నా. నాకు మొదట్లో నవ్వొచ్చేది. నిశ్చితార్థంలో తాంబూలాలా ఏమిటి మామయ్యా ఇది అనేవాణ్ణి.

ఆయన నవ్వలేదు. కారణం ఒక్కసారే చెప్పాడు, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కుర్రతనంలో ఆయనకు ఒక జోడీ ఉండేవాడు. ఒకరు లిఫ్టు పెట్టె నెత్తి మీద, ఒకరు పైన మోటారు గదిలో. కింద ఉన్నవాడు "కదుపు" అనాలి, పైనున్నవాడు "కదుపుతున్నా" అనాలి. ఒక రోజు మామయ్యకు "కదుపు" అన్నట్టే అనిపించింది. కదిపాడు. జోడీగాడి కుడిచేతికి మూడు వేళ్ళు పోయాయి. ఆ మనిషి మామయ్యను ఒక్క మాట అనలేదట. ఇప్పుడు ఏదో భవనం గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. ఆ తర్వాత మామయ్య ఎవరితోనూ జోడీ కట్టలేదు, ఒంటరిగా చేసే పనులే అడిగి వేయించుకున్నాడు. "వినపడని మాట అనని మాటేరా," అన్నాడు నాతో. "మనసులో వంద అనుకో. అవతలివాడి చెవిన పడకపోతే నువ్వు అననట్టే లెక్క."

నన్ను దళంలో చేర్చింది కూడా ఆయనే. కొరియర్ ఆఫీసులో నా ఉద్యోగం ఊడి, ఇరవై ఆరేళ్ళ వయసులో మా అమ్మ పెట్టింది తిని మంచం మీద దొర్లుతున్న రోజులు. ఎవరు పలకరించినా మీదపడి కరిచేవాణ్ణి. మామయ్య వచ్చి సలహాలేమీ చెప్పలేదు. తన పాత కర్రా, హెడ్‌ఫోనూ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఆదివారం ఎనిమిదింటికి," అని వెళ్ళిపోయాడు. నా చేత ఒకే రన్‌వే మీద ఇరవై మూడు సార్లు విమానం దింపించాడు. ఇరవై రెండు సార్లు కూల్చాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇరవై మూడోసారి చక్రాలు మెత్తగా ఆనాక, "ఇప్పుడు వెళ్ళి స్నానం చెయ్యి," అన్నాడు. నేను నాలుగు రోజులుగా స్నానం చేయలేదని ఆయనకెలా తెలిసిందో. మూడు నెలల్లో మళ్ళీ ఉద్యోగంలో చేరాను. రెండేళ్ళలో దళంలో పేరున్నవాణ్ణయ్యాను. రెక్కలొచ్చాయన్నమాట.

ఇక దళపతి. ఆయన నిజం పేరు ఏదైతేనేం, అందరం దళపతి అనేవాళ్ళం. కార్లు అమ్మే షోరూములో మేనేజరు. నోరు మంచిది, చేతికి ఎముక లేదు, కానీ ఆగలేడు. వారానికో పెద్ద ప్రదర్శన పెట్టాలి, యాభై విమానాలు కనపడాలి, వేరే దళాలవాళ్ళు చూసి కుళ్ళుకోవాలి. దానికి అడ్డం మామయ్య ఎనిమిది వారాల క్లాసు. అది పూర్తిచేయనివాణ్ణి పెద్ద ప్రదర్శనలోకి రానివ్వకూడదని దళం మొదట్లో పెట్టుకున్న నియమం. "మాస్టారూ, పది నిమిషాల వీడియో చేసి పడేద్దాం, ఎవడి తిప్పలు వాడు పడతాడు," అనేవాడు దళపతి. "పడతాడు. పక్కవాణ్ణి కూడా పడేస్తాడు," అనేవాడు మామయ్య. ఒకసారి క్లాసు మధ్యలో అమ్మమ్మ గ్లాసు మోగితే, అందరూ వింటుండగా దళపతి "మాస్టారింట్లో ఇంజను హెచ్చరిక మోగుతోంది!" అన్నాడు. పదిహేను మందీ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆ రోజు నుంచి గ్లాసు మోగగానే మామయ్య మైకు ఆపేయడం మొదలుపెట్టాడు. తన కోసం కాదు. అమ్మను చూసి జనం నవ్వకూడదని.

పోయినేడు దళపతి కొత్త మాట తెచ్చాడు. నేర్పేవాళ్ళకు కూడా ఏటా పరీక్ష ఉండాలన్నాడు. ఎవరి కోసమో నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కానిది మామయ్యకొక్కడికే. "మంచి మాట," అని ఎగిరి గంతేసి, పరీక్ష కాగితం తనే రాసిచ్చాడు. నలభై గళ్ళు. పద్నాలుగో గడి: మాట వినపడిందా? లేదు అని రాస్తే అక్కడితో ఆఖరు. కాగితం అడుగున ఇంకో వరస కూడా రాశాడు. కరెంటు పోయినా, మైకు ఆగినా, ఇంట్లోవాళ్ళు పిలిచినా అది మనిషి తప్పు కాదు, పరీక్షకుడు ఆ మాట రాస్తే అదే రోజు మళ్ళీ పరీక్ష పెట్టాలి. ఎదుటివాళ్ళ కోసమే రాశాడు, తనకు పనికొస్తుందని కాదు.

మామయ్య పరీక్షకు పరీక్షకుణ్ణి నేను. దళపతి ముందురోజు ఫోన్ చేశాడు.

"మీ మామయ్యని దించమని నేననట్లేదబ్బా. ఆ తప్పు నేను చెయ్యను. నువ్వు చూసింది చూసినట్టు రాయి, చాలు. ఎటొచ్చీ, ఆయన తర్వాత క్లాసు చూసుకోడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు చెప్పు?"

శిక్షణాధిపతి అని ఆ పదవికి పేరు. తెర మీద మన పేరు పక్కన ఒక పసుపు చుక్క వస్తుంది. అంతే. బంగారం కాదు, భూమి కాదు. ఒక పసుపు చుక్క.

ఆదివారం ఎనిమిదింటికి ముందు సీట్లో దళపతి, ఏమీ రానివాడిలా నటిస్తూ. వెనక సీట్లో మామయ్య. నేను పక్కనుంచి వింటూ, చూస్తూ, రాస్తూ. ముప్పావుగంట మామయ్య ఎంత ఓపిగ్గా నేర్పాడో! దళపతి కావాలని చేసిన ప్రతి తప్పునూ కోప్పడకుండా దిద్దాడు. ఆఖరున దిగే వేళ, నేల ఇంకా కొద్ది దూరం ఉందనగా, హెడ్‌ఫోన్లో గ్లాసు చప్పుడు వినపడింది. టంగ్, టంగ్. వెంటనే మామయ్య పేరు పక్కన మైకు దీపం ఆరిపోయింది. సరిగ్గా ఆ క్షణాన దళపతి విమానం ముక్కు బలంగా పైకెత్తాడు. విమానం గాల్లో కూలబడబోయింది. మామయ్య అందుకున్నాడు. చంటిపిల్లను పక్క మీద పడుకోబెట్టినట్టు దింపాడు. మాట మాత్రం వినపడలేదు.

దీపం మళ్ళీ వెలిగింది.

"మాట అనలేదే మాస్టారూ!" అన్నాడు దళపతి.

"అన్నాను బాబూ. తీసుకున్నాను అన్నాను. మైకు... అమ్మ పిలిచింది."

అన్నాడనే నాకు తెలుసు. నిద్రలో లేపి విమానం చేతికిచ్చినా ఆ మాట అనే మనిషి. దీపం ఆరడం నా కళ్ళారా చూశాను. కాగితం అడుగు వరసలో "ఇంట్లోవాళ్ళు పిలిచారు" అని రెండు ముక్కలు రాస్తే చాలు. రాయలేదు. పద్నాలుగో గడిలో "లేదు" అని రాశాను.

"ఇంకేమన్నా రాస్తావా?" అని అడిగాడు మామయ్య. బతిమాలినట్టు లేదు. నాకింకా టైముందని గుర్తుచేసినట్టు ఉంది.

"రూలు రూలే కదా మాస్టారూ. వినపడని మాట అనని మాటేనని మీరే అన్నారు."

పుట్టినప్పటి నుంచి ఆయన్ను నువ్వు అనే పిలిచాను. ఆ రోజు మీరు అన్నాను.

"నిజమే," అన్నాడు. "నేనన్నదే."

ఏరు దాటి తెప్ప తగలేసినవాడికైనా కాస్త బూడిద మిగులుతుందేమో, నాకు పసుపు చుక్క మిగిలింది.

మొదట ఎదురు తిరిగింది పంతులమ్మ. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, క్లాసులో మూడో వారం పాఠాలు ఆవిడవి. నాకు ఫోన్ చేసి ఉపోద్ఘాతం లేకుండా అడిగింది.

"ఏం నాయనా, చూసింది రాశావా, కావాల్సింది రాశావా?"

"రూలు ప్రకారమే రాశానండీ."

"రూలు కింద ఇంకో రూలుంది. చదవడం రాదా నీకు? నలభయ్యేళ్ళు పిల్లల పేపర్లు దిద్దాను. మార్కు వెయ్యాల్సిన చోట వెయ్యని చెయ్యి ఎలా వణుకుతుందో నాకు తెలుసు. నేనింక రాను."

మిగతా పదిమందికీ గురువారం నేను ఫోన్ చేయలేదు. గ్రూపులో ఒక మెసేజి పెట్టాను. పదీ చూసినట్టు టిక్కులొచ్చాయి. మొదటి ఆదివారం ఏడుగురు వచ్చారు. తర్వాత నలుగురు. తర్వాత ఇద్దరు. నాలుగో ఆదివారం నేనొక్కణ్ణే, పన్నెండు మంది కొత్తవాళ్ళతో. దళపతి మాత్రం సంతోషంగా ఉన్నాడు. వీడియో వచ్చేసింది, నియమం పోయింది, ప్రదర్శనల్లో యాభై విమానాలు ఎగురుతున్నాయి. అందులో ఇరవై కూలుతున్నాయి.

ఐదో ఆదివారానికి కొత్తవాళ్ళ పట్టీ నా ముందుకొచ్చింది. పద్నాలుగు పేర్లు. చిట్టచివర: లిఫ్టు మాస్టారు. పరీక్ష తప్పినవాడు మొదటి వారం నుంచి మళ్ళీ నేర్చుకుని రావచ్చని నియమం, అదీ ఆయన పుస్తకంలోదే. పద్ధతి ప్రకారం, ఓనమాల నుంచి మొదలుపెట్టడానికి పేరిచ్చాడు. నాకు సిగ్గేసింది. ఆ తర్వాత, సిగ్గేసినవాడికి వచ్చే కోపం వచ్చింది. నన్ను సాధించడానికే పేరిచ్చాడనుకున్నాను. ఆ మాట మా అమ్మతో అంటే, "మీ మామయ్యకి సాధించడం వచ్చుంటే ఇలా ఎందుకుంటాడురా," అంది.

ఆ ఆదివారం పొద్దున్న ఏడున్నరకు దళపతి ఫోన్. ఇంకో పెద్ద దళంతో కలిసి ప్రదర్శన, ముందు వరసలో ఒక విమానం తగ్గింది, నువ్వు రావాలి అన్నాడు. క్లాసుందన్నాను. "కాసేపు ఆగుతార్లేవయ్యా, కొంపలేం మునగవు," అన్నాడు. వెళ్ళాను. మామయ్య ఎదురుగా మాస్టారిగా నిలబడే బాధ తప్పిందని లోపల సంతోషపడ్డాను కూడా. అబద్ధమెందుకు.

క్లాసులో జరిగే మాటలన్నీ రికార్డవుతాయి. అదీ మామయ్య పెట్టిన పద్ధతే, ఎవరి తప్పులు వాళ్ళు వినుకోవడానికి. మర్నాడు దాన్ని పెట్టుకుని విన్నాను.

ఎనిమిదింటికి పద్నాలుగు మంది గొంతులు. మాస్టారెవరు, ఇంకా రాలేదేం, అంటున్నారు. ఎనిమిదీ పదికి ఎవరో ఆడపిల్ల అడిగింది, "అంకుల్, మీరు భలే తేలిగ్గా స్టార్ట్ చేశారే! మీకు వచ్చనుకుంటా. కాస్త మాకు చెప్పరూ?"

"నాకు చెప్పే అర్హత లేదమ్మా," అన్నాడు మామయ్య. "మాస్టారు వస్తారు. ఇంజను ఆన్‌లోనే ఉంచండి. ఏమీ ముట్టుకోకండి."

ఎనిమిదీ ఇరవైకి ఒకడు ఏదో ముట్టుకుని పక్కవాణ్ణి గుద్దాడు. తిట్లు. ఇద్దరూ వెళ్ళిపోయారు. ఎనిమిదిన్నరకు ఐదుగురు మిగిలారు. "ఈ మాస్టారు ఎప్పుడూ ఇంతేనా?" అని ఎవరో అన్నారు. "లేదు లేదు. మంచి కుర్రాడు. ఏదో పని పడుంటుంది," అన్నాడు మామయ్య. ఆ ముక్క దగ్గర రికార్డింగు ఆపేశాను. చాలాసేపటికి గానీ మళ్ళీ పెట్టలేకపోయాను.

ఎనిమిదీ నలభై ఏడుకు ఆయనొక్కడే మిగిలాడు. ఖాళీ రన్‌వే మీద ఒక్క ఇంజను చప్పుడు. కాసేపటికి గ్లాసు మోగింది. టంగ్, టంగ్. మైకు ఆగలేదు.

"వస్తున్నానమ్మా," అన్నాడు. స్పష్టంగా వినపడింది.

తర్వాత, నేర్చుకునేవాడు విమానం వదిలి వెళ్ళేముందు మాస్టారితో అనాల్సిన మాట అన్నాడు.

"ఇచ్చాను."

పద్ధతి ప్రకారం జవాబు కోసం ఆగాడు. పదకొండు సెకన్లు ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

ఇది జరిగి ఏడు నెలలైంది. ఆయన మళ్ళీ రాలేదు. కుట్టుమిషను బల్ల మీద ఇప్పుడు అమ్మమ్మ మందులున్నాయని మా అమ్మ చెప్పింది. నేను చూడలేదు, ఆ ఇంటికి వెళ్ళే మొహం నాకు లేదు. ఆ రోజు మాత్రం, రికార్డింగు అయిపోయిన తెర ముందు ఒక్కణ్ణే కూర్చుని, "తీసుకున్నాను మామయ్యా," అన్నాను. పైకే అన్నాను. ఆయన కాగితంలో దానికి సున్నా.